నాన్న ఇంత సన్నగా ఉండేవారా?

*అటక మీది పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. ఆ ప్రయాణంలో మనవాళ్ల ముఖాలు రూపం మారుతున్నాయి. తప్పు కెమెరాది కాదు, టేపుదీ కాదు.*

తెనాలిలో ఒక డాబా ఇల్లు. ఆ రోజు ఇంటి పెద్దాయన ఆబ్దికం. భోజనాలయ్యాక బంధువులు సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చాపలూ కుర్చీలూ వేసుకుని హాల్లో టీవీ ముందు చేరారు. డల్లాస్ నుంచి వచ్చిన కొడుకు పెన్‌డ్రైవ్ పెట్టాడు. 2007లో అక్క పెళ్లికి తన హ్యాండీక్యామ్‌తో తనే తీసిన వీడియో అది. ఇన్నేళ్లూ క్యాసెట్లుగానే పడి ఉంటే, మొన్నీమధ్య అక్కడే ఒక షాపులో ఇచ్చి ఫైళ్లుగా మార్పించాడు.

తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు, మధ్యలో బొమ్మ. పందిరి, అరటి పిలకలు, సన్నాయి మేళం. పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతున్న పెద్దాయన. హాలంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి ఆనాటి పెళ్లికూతురే, ఇప్పుడు నలభై దాటిన మనిషి, మెల్లగా అడిగింది.

"అమ్మా, నాన్న ఇంత సన్నగా ఉండేవారా?"

"లేదే. మీ నాన్నది గుండ్రటి మొహం. ఆ లాల్చీ పొట్ట దగ్గర పట్టేస్తోందని ముందురోజు విప్పి మళ్లీ కుట్టించాం."

"అప్పటికే జబ్బు మొదలైందేమో అక్కా," అంది పక్కనుంచి పిన్ని.

"జబ్బా? అది ఎన్నేళ్ల తర్వాతి మాట!"

ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు రిమోట్ అందుకుని పిక్చర్ సైజు బటన్ నొక్కాడు. నల్ల పట్టీలు పోయాయి. బొమ్మ తెర నిండా పరుచుకుంది. పెద్దాయన ముఖం గుండ్రంగా వచ్చింది. బుగ్గలు నిండాయి. "ఇదిగో, ఈయన మీ నాన్న," అంది ఆవిడ.

కానీ అదే ఫైలు కొడుకు ఫోన్లో తెరిస్తే మళ్లీ సన్నటి మనిషే. కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిందీ ఆ సన్నటి మనిషే. ఇంటి పిల్లలు రేపు తాతయ్యను గుర్తుపెట్టుకునేదీ అలాగే.

ఇలాంటి ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మినీ డీవీ క్యాసెట్లు 1995లో వచ్చాయి. 2000 సంవత్సరానికి అటూ ఇటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లు తొలి జీతాలతో కొనుక్కున్న వస్తువుల్లో హ్యాండీక్యామ్ ఒకటి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, అన్నప్రాసనలు, పిల్లల అరంగేట్రాలు, అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు విమానాశ్రయంలో తీసిన తడబాటు నడకలు, అన్నీ ఆ అగ్గిపెట్టెంత క్యాసెట్లలోకే వెళ్లాయి. వాటిలో చాలా క్యాసెట్లకు ఇప్పుడు ఇరవై ఏళ్లు. వాటిని ఆడించే కెమెరాలు మొరాయిస్తున్నాయి, బాగుచేసేవాళ్లు దొరకడం లేదు. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే ఫైర్‌వైర్ దారి కూడా మూసుకుపోతోంది. యాపిల్ సంస్థ 2025లో తెచ్చిన మాక్ ఓఎస్ టాహోలో ఆ సదుపాయాన్నే తీసేసింది. ఇంకోవైపు రీళ్ల కోసం పాత హ్యాండీక్యామ్‌లు వెతుక్కునే కుర్రకారు ఆ కెమెరాలకు మళ్లీ గిరాకీ తెచ్చారు. అలా అటకల మీది పెట్టెలు కిందికి దిగుతున్నాయి. దిగడం మంచిదే. దించాక జరుగుతున్నదే బాధగా ఉంది.

బొమ్మ పోలేదు, గుర్తు పోయింది

అసలు ఏం జరిగిందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

డీవీ క్యాసెట్ మీద బొమ్మకు కేటాయించిన స్థలం ఎప్పుడూ ఒకటే. మన దేశపు పాల్ పద్ధతిలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 720 చుక్కలు, నిలువునా 576 గీతలు. అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720 చుక్కలు, 480 గీతలు. పాత టీవీల పద్ధతిలో 4:3లో తీసినా అంతే, వెడల్పు తెర కోసం 16:9లో తీసినా అంతే. ఎక్కువ వెడల్పున్న దృశ్యం అదే స్థలంలో ఎలా పట్టింది? కెమెరా దాన్ని పక్కల నుంచి నొక్కి దాచింది. నొక్కి దాచానని చెప్పే చిన్న గుర్తును బొమ్మతో పాటే టేపు మీద రాసింది. ఆడించేటప్పుడు టీవీగానీ, సాఫ్ట్‌వేర్‌గానీ ఆ గుర్తు చదివి బొమ్మను తిరిగి పక్కలకు విప్పుతుంది. మడతపెట్టి బీరువాలో దాచిన పట్టుచీర మడత విప్పగానే మళ్లీ తన పన్నాకు వచ్చినట్టే.

ఆ గుర్తు పోతే విప్పేవాళ్లుండరు. 16:9 బొమ్మ 4:3గా కనిపిస్తుంది. ప్రతి మనిషీ వెడల్పులో నాలుగో వంతు తగ్గిపోతాడు. ఎత్తు అంతే ఉంటుంది కాబట్టి పొడుగ్గా, బక్కగా, కొత్తగా కనిపిస్తాడు. ఆ పిన్నిగారికి జబ్బు అనుమానం వచ్చింది అందుకే. మన కంటికి ముఖాల విషయంలో ఎంత పట్టింపంటే, గోడలూ స్తంభాలూ సన్నబడితే గమనించం, ముఖం సన్నబడితే మనసు వెంటనే ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది.

గుర్తు ఎక్కడ పోతుంది? ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్. కెమెరాను ఆ కేబుల్‌తో చవకరకం యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి తగిలిస్తే బొమ్మ వస్తుంది, గుర్తు రాదు. ఫైర్‌వైర్‌లో అయితే టేపు మీది డిజిటల్ సమాచారం ఉన్నదున్నట్టు వస్తుంది కాబట్టి గుర్తూ వెంట వస్తుంది. సోనీ కెమెరాల మీద ఐ-లింక్ అని రాసి ఉండే చిన్న సాకెట్టు అదే. రెండోది, ఎడిటింగ్. సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడు అది 4:3 అని అనుకుంటే, లోపల వేసిన వైడ్‌స్క్రీన్ వీడియోను ఆ చట్రంలోకే ఇరికిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇంటింటా వాడిన మూవీ మేకర్‌లో 16:9 అన్న ఎంపిక ఉండేది, కానీ ఆప్షన్స్‌లో లోపలి పేజీలో. తెలిసినవాళ్లే వెతుక్కునేవారు. మూడోది, చివర ఫైలు తయారుచేసే ఎక్స్‌పోర్ట్ మెట్టు. అంతవరకూ అన్నీ సరిగ్గా చేసి, అక్కడ 640×480 ఎంచుకుంటే పనంతా పోయినట్టే.

> 16:9 ఎలా పుట్టింది?
>
> ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ 35 మి.మీ. ఫిల్మ్ మీద స్థిరపరిచిన బొమ్మ ఆకారం 4:3. టీవీ వచ్చినప్పుడు సినిమా నుంచి దాన్నే తీసుకుంది. టీవీ పోటీని తట్టుకోవడానికి 1950లలో సినిమా తెరలు వెడల్పయ్యాయి. 1980లలో హైడెఫినిషన్ టీవీకి ఆకారం నిర్ణయించాల్సి వచ్చినప్పుడు అమెరికా ఇంజినీరు కెర్న్స్ పవర్స్ అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నింటినీ ఒకే వైశాల్యంతో గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూశారు. వాటన్నింటినీ ఇముడ్చుకునే పెద్ద చట్రమూ, అన్నింటిలోనూ ఉమ్మడిగా ఉన్న చిన్న చట్రమూ రెండూ దాదాపు 1.77 నిష్పత్తికి వచ్చాయి. అదే 16:9. అంకెల్లో చూసినా ముచ్చటే: 4ను 4తో, 3ను 3తో గుణిస్తే వచ్చేది 16:9.

వెండితెర ఎప్పుడో చేసిన పని

నొక్కి దాచి తర్వాత విప్పడం హ్యాండీక్యామ్‌తో పుట్టిన ఉపాయం కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ క్రెతియాన్ తయారుచేసిన లెన్సుల ఆధారంగా 1953లో 'ది రోబ్' సినిమాస్కోప్‌లో వచ్చింది. కెమెరా లెన్సు దృశ్యాన్ని నొక్కి ఫిల్మ్ మీద పడేస్తుంది, థియేటర్లో ప్రొజెక్టర్ లెన్సు విప్పుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. ఆ రోజుల్లో రీళ్లతో పాటు థియేటర్లో స్కోప్ లెన్సు కూడా ఉండాలి. ఆపరేటర్ అది బిగించడం మరిస్తే తెర మీద అందరూ తాటిచెట్లంత పొడుగు, హాలంతా ఈలలు. టీవీలో స్కోప్ సినిమా టైటిళ్లు పడేంతసేపూ హీరో సన్నగా, పొడుగ్గా కనిపించి, టైటిళ్లు అయిపోగానే మామూలుగా మారడం కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. పేర్లు తెర దాటి పోకుండా బొమ్మను నొక్కే చూపించేవారు.

థియేటర్లో ఈల వేయడానికి ప్రేక్షకులున్నారు. ఇంట్లో వీడియోకు ఎవరున్నారు? తేడా కనిపెట్టగల మనిషి, ఆయన్ని దగ్గరగా చూసిన భార్య. ఆవిడ కూడా లేనినాడు ఆ సన్నటి ముఖమే నిజమైపోతుంది.

అంచుల్లో నిలబడ్డవాళ్లు

ముఖాలు సన్నబడటం కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. దాని గురించి ఎవరూ గొడవ చేయరు, ఎందుకంటే అది కనిపించదు.

వైడ్‌స్క్రీన్ బొమ్మను పాత టీవీకి సరిపెట్టడానికి కొందరు మిక్సింగ్‌లో, అంటే స్టూడియో ఎడిటింగ్‌లో, రెండు పక్కలా కోసేసేవారు. మధ్య భాగం చక్కగా, ముఖాలు సరైన ఆకారంలో, తెర నిండా కనిపిస్తుంది. పోయింది మాత్రం వెడల్పులో నాలుగో వంతు. గుర్తు పోతే తిరిగి పెట్టుకోవచ్చు. కోసేసింది మాత్రం ఇక రాదు.

పెళ్లి వీడియోలో అంచుల్లో ఎవరుంటారో ఒకసారి ఆలోచించండి. మధ్యలో వధూవరులు. ఒక పక్క కన్యాదానానికి నీళ్లు పోస్తున్న తల్లి చేయి. గంప దించి పక్కకు తప్పుకున్న మేనమామ. తలంబ్రాల పళ్లెం పట్టుకున్న తోడపెళ్లికూతురు. ఒక మూల కుర్చీలో, ఎవరూ పట్టించుకోకపోయినా అన్నీ చూస్తూ కూర్చున్న నాయనమ్మ. ఆమెకు పెళ్లిలో వేరే పాత్ర లేదు, ఆమె మీదకు కెమెరా విడిగా వెళ్లలేదు. ఆమె ఉన్నది ఆ అంచులోనే. పదిహేనేళ్ల తర్వాత మనం వెతుక్కునేది పెళ్లికొడుకును కాదు, ఆయన రోజూ కనిపిస్తూనే ఉంటాడు. వెతుక్కునేది ఆ కుర్చీలో మనిషిని.

అమెరికాలో మన పిల్లల కూచిపూడి అరంగేట్రాల వీడియోలు మరో ఉదాహరణ. హాలు చివర స్టాండు మీద ఒక్కటే కెమెరా, వేదిక మొత్తం 16:9లో. మధ్యలో అమ్మాయి, ఒక పక్కగా నట్టువాంగం చేసే గురువు, గాయకులు, మృదంగం. పక్కలు కోస్తే అమ్మాయి మిగులుతుంది, తాళం వేసిన గురువు పోతారు. జతి వినిపిస్తుంది, చెప్పినవారు కనిపించరు.

ఇప్పుడు ఈ కోత మరీ ఎక్కువైంది. స్టేటస్ కోసం, రీల్ కోసం అడ్డం బొమ్మను నిలువుగా కత్తిరిస్తున్నారు. 16:9 నుంచి నిలువు 9:16 తీస్తే మిగిలేది వెడల్పులో మూడో వంతు కన్నా తక్కువ. ముచ్చటకు ఒక ముక్క అలా చేసుకుంటే తప్పేం లేదు. అదొక్కటే మిగిలి, అసలుది చెరిపేస్తేనే నష్టం.

మరో పద్ధతిలో బొమ్మకు పైనా కిందా నల్ల పట్టీలు కలిపి 4:3 ఫైలు చేసేవారు. పాత డబ్బా టీవీలో అది బాగానే ఉండేది. ఇవాళ్టి వెడల్పు టీవీలో అదే ఫైలు పెడితే నాలుగు వైపులా నలుపు, నడుమ చిన్న బొమ్మ. యూట్యూబ్ ప్లేయర్ కూడా 2008 నవంబర్ దాకా 4:3గానే ఉండేది కాబట్టి అంతకుముందు ఎక్కించిన వీడియోల్లో ఇలాంటివి బోలెడు. ఇందులో పక్కలు పోవు కానీ నాణ్యత పోతుంది. పాల్‌లో 576 గీతల్లో 432 మాత్రమే బొమ్మకు మిగులుతాయి, తక్కినవి నల్లరంగుకు ఖర్చు.

మిక్సింగ్ గదుల్లో

తప్పంతా స్టూడియోల మీద వేయడం న్యాయం కాదు. 2000లలో మన జిల్లా కేంద్రాల్లో మిక్సింగ్ యూనిట్ నడిపినవాళ్లు ఎలాంటి పరిస్థితుల్లో పనిచేశారో చూడాలి. మూఢం వచ్చేలోపు వరసగా ముహూర్తాలు, ఇంటికి పెద్దవాళ్లొచ్చి "మా క్యాసెట్ ఎప్పుడిస్తారు బాబూ" అని అడగడం, ఒక్కో ఎఫెక్టుకు గంటలు తీసుకునే కంప్యూటర్లు. కస్టమరు ఇంట్లో ఉన్నది డబ్బా టీవీ. అతనికి తెర నిండా బొమ్మ కావాలి. నల్ల పట్టీ కనిపిస్తే "సగం బొమ్మే వచ్చింది" అని గొడవ. అందుకని నిండుగా ఇచ్చారు.

పైగా మొదట్లో చాలామందికి ఇచ్చింది వీసీడీ. దానిలో బొమ్మ పరిమాణం పాల్‌లో 352×288 మాత్రమే. వైడ్‌స్క్రీన్ గుర్తు పెట్టే వీలే ఆ పద్ధతిలో లేదు. డీవీడీ వచ్చాకే ఆ గుర్తుకు చోటు దొరికింది. ఇంకో నష్టం కూడా జరిగింది. టేపు ఖరీదని చాలాచోట్ల అదే క్యాసెట్‌ను తర్వాతి పెళ్లికి వాడేశారు. అలాంటి కుటుంబాలకు డిస్కే అసలు ప్రతి. ఆ డిస్కు గీతలు పడకముందే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి.

అమెరికా నుంచి తెచ్చిన క్యాసెట్లది వేరే చిక్కు. అక్కడి ఎన్‌టీఎస్‌సీకి సెకనుకు సుమారు 30 బొమ్మలు, 480 గీతలు. మన పాల్‌కు 25 బొమ్మలు, 576 గీతలు. ఇక్కడి స్టూడియోలో ఇస్తే పాల్ ప్రాజెక్టులో వేసి మార్చేవారు. కదలికలు కుదుపుగా వచ్చేవి, వైడ్‌స్క్రీన్ గుర్తు ఆ మార్పిడిలో పోయేది. అప్పుడు వేరే దారి లేదు, ఇక్కడి టీవీలు పాల్‌వి. ఇప్పటి టీవీలూ ఫోన్లూ రెండింటినీ ఆడిస్తాయి కాబట్టి ఏ పద్ధతిలో తీసింది ఆ పద్ధతిలోనే ఉంచాలి. ఎవరైనా "పాల్‌లోకి మార్చి ఇస్తాం" అంటే వద్దనండి.

తర్వాత వచ్చిన హెచ్‌డీ కెమెరాలతో ఈ చిక్కు తీరిపోయిందనుకుంటే పొరపాటు. 2004 ప్రాంతంలో మొదలైన హెచ్‌డీవీ కెమెరాల్లో చాలావాటిది, 2006 తర్వాతి తొలి ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో కొన్నింటిదీ అసలు బొమ్మ 1440×1080. దాన్ని 1920×1080గా విప్పి చూపించాలి. అదీ నొక్కి దాచిన బొమ్మే.

విప్పి చూపించడం ఎలా

ముందు టేపు నుంచి బయటికి తీసే మెట్టు. కెమెరాలో ఫైర్‌వైర్ సాకెట్టు ఉంటే దాన్నే వాడాలి. చాలా మినీ డీవీ కెమెరాల్లో యూఎస్‌బీ సాకెట్టు కూడా ఉంటుంది, కానీ అది ఎక్కువగా మెమరీ కార్డులోని ఫొటోలకూ, నాసిరకం వీడియోకూ పెట్టింది. ఫైర్‌వైర్ ద్వారా గంట క్యాసెట్‌కు దాదాపు 13 జీబీ ఫైలు వస్తుంది. ఒక టీబీ హార్డ్‌డిస్కులో 75 గంటలు పడతాయి. ఇంటిల్లిపాది జ్ఞాపకాలకు ఒక్క డిస్కు చాలు, ఇది పెద్ద ఖర్చు కాదు.

పసుపు పిన్ను కేబుల్ తప్ప గతి లేనప్పుడు కెమెరా మెనూలో 'టీవీ టైప్' అనే చోటు చూడండి. అక్కడ 4:3 అని ఉంటే, వైడ్‌స్క్రీన్ క్యాసెట్ ఆడించేటప్పుడు కెమెరాయే నల్ల పట్టీలు కలిపి పంపుతుంది, గీతలు వృథా అవుతాయి. దాన్ని 16:9కి మార్చితే బొమ్మ నొక్కిన రూపంలోనే, అన్ని గీతలతో వస్తుంది. గుర్తు తర్వాత మనం పెట్టుకోవచ్చు.

ఇప్పటికే ముఖాలు సన్నగా వచ్చిన ఫైలుంటే దిగులు పడక్కర్లేదు. ఉచితంగా దొరికే ఎంకేవీ టూల్‌నిక్స్‌లో ఆ ఫైలు తెరిచి, వీడియోకు ఆకార నిష్పత్తి 16:9 అని రాసి, కొత్త ఫైలుగా దాచుకోవచ్చు. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు, పని నిమిషాల్లో అవుతుంది. వీఎల్‌సీ ప్లేయర్లో 'ఏ' అక్షరం నొక్కుతూ పోతే ఆకారాలు మారుతుంటాయి. ఏది సరైనదో ముందుగా అక్కడే చూసుకోవచ్చు.

ఎడిటింగ్ చేయాలంటే ప్రాజెక్టు తెరిచే క్షణమే ముఖ్యం. వైడ్‌స్క్రీన్ డీవీ అని ఎంచుకోవాలి. ప్రీమియర్‌లో అయితే ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ అనే చోట క్లిప్పు పిక్సెల్ ఆకారాన్ని వైడ్‌స్క్రీన్‌గా చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ షాట్‌కట్‌లో క్లిప్పు ప్రాపర్టీస్‌లోనే నిష్పత్తి మార్చే గడి ఉంటుంది. బొమ్మ చిన్నదిగా కనిపించిందని మూలలు పట్టి లాగి నింపడం మాత్రం వద్దు. అక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

> ఎక్స్‌పోర్ట్‌లో ఏ అంకెలు పెట్టాలి?
>
> పాల్ వైడ్‌స్క్రీన్ 720×576: ఫోన్లకూ యూట్యూబ్‌కూ 1024×576.
>
> ఎన్‌టీఎస్‌సీ వైడ్‌స్క్రీన్ 720×480: 854×480.
>
> హెచ్‌డీవీ 1440×1080: 1920×1080.
>
> పాత 4:3 పాల్ వీడియో: 768×576. ఎన్‌టీఎస్‌సీ: 640×480. వీటిని 16:9కి సాగదీయకూడదు.
>
> పాల్ వైడ్‌స్క్రీన్‌తో డీవీడీ తయారుచేస్తే 720×576 అలాగే ఉంచి, 16:9 గుర్తు పెట్టాలి.

ఈ అంకెల వెనక ఒక సూత్రముంది. ఎత్తు ముట్టుకోకూడదు, వెడల్పే మార్చాలి. ఈ టేపుల బొమ్మ ఇంటర్‌లేస్డ్, అంటే బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి తీసినవి. ఆ రెండింటినీ సరిగ్గా కలపకుండా 576ను 405కు కుదిస్తే గీతలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, కదిలే ప్రతి చేతికీ దువ్వెన పళ్లలాంటి అంచులొస్తాయి. అందుకని ముందు డీఇంటర్‌లేస్ చేసి, తర్వాతే పరిమాణం సంగతి. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో ఈ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు కృత్రిమ మేధతో పాత వీడియోలను మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఆశ పడటం సహజం. కానీ నొక్కిన బొమ్మను అలాగే దానికి అందిస్తే అది సన్నటి ముఖానికే నునుపైన చర్మమూ, కొత్త కళ్లూ దిద్దుతుంది. మొదట ఆకారం, తర్వాతే మెరుగులు. నన్నడిగితే ఇంట్లోవాళ్ల ముఖాలకు ఆ మెరుగులు అక్కర్లేదు.

గోడ గడియారం సాక్ష్యం

వీడియో తీసినది ఏ ఆకారంలోనో తెలియకపోతే? క్యాసెట్ మీద రాయలేదు, తీసినవాళ్లు ఇప్పుడు లేరు. అలాంటప్పుడు బొమ్మలోనే గుండ్రటి వస్తువు వెతకాలి. కెమెరాకు ఎదురుగా ఉన్న గోడ గడియారం శ్రేష్ఠం. వీధిలో ఆగిన కారు చక్రం, ఎదురుగా చూస్తున్న ముత్తయిదువ నుదుటి బొట్టు కూడా పనికొస్తాయి. బొమ్మ ఆపి, తెర మీద స్కేలుతో అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానమైతే ఆకారం సరైనదే. అడ్డం నాలుగో వంతు తక్కువైతే 16:9ను 4:3గా చూస్తున్నారు. అడ్డం మూడో వంతు ఎక్కువైతే 4:3ను సాగదీశారు.

ఈ రెండో తప్పు గురించీ చెప్పాలి. 1990ల నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దాదాపు అన్నీ 4:3. వాటిని వెడల్పు టీవీలో తెర నిండా సాగదీసి చూడటం ఎన్నో ఇళ్లలో అలవాటైపోయింది. అమ్మమ్మలందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తారు. షాపువాళ్లు అలా సాగదీసిన ఫైలునే 'ఫుల్ స్క్రీన్' అని ఇస్తున్నారు. పక్కల నల్ల పట్టీలుంటే ఉండనివ్వండి. ఆ రోజు కెమెరా చూసింది అంతే. లేని వెడల్పు మనుషుల ఒంట్లోంచి తీసుకురావడం అన్యాయం.

సరైన ఆకారంలోకి వచ్చాక పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. తమ్ముడు హైదరాబాద్‌లో, చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటే ఇద్దరి దగ్గరా పూర్తి ప్రతి ఉండటం మంచిది. ఒక డిస్కు పోయినా ఇంకొకటి ఉంటుంది.

ఇక వాయిదా వద్దు

అయస్కాంత టేపుల మీద ఉన్న ప్రపంచపు ధ్వని, దృశ్య సంపద ఆడించే యంత్రాలు లేక పోగొట్టుకునే ప్రమాదముందని యునెస్కో, అంతర్జాతీయ శబ్ద దృశ్య భాండాగారాల సంఘం కలిసి 2019లో హెచ్చరించాయి. వీహెచ్‌ఎస్ ప్లేయర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలోనే ఆ పని ఆపేసింది. పెద్ద గ్రంథాలయాలకూ, టీవీ సంస్థలకూ వాళ్ల క్యాసెట్ల గురించి ఆలోచించే సిబ్బంది ఉన్నారు. మన ఇంటి క్యాసెట్ల గురించి ఆలోచించాల్సింది మనమే.

ఈ వారంలోనే ఆ పెట్టె దించండి. క్యాసెట్ల మీద ఏ సంవత్సరం, ఏ శుభకార్యం, ఏ ఊరు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. కెమెరా ఇంకా తిరుగుతుంటే ముందు పనికిరాని క్యాసెట్‌తో పరీక్షించి, తర్వాతే పెళ్లి క్యాసెట్ పెట్టండి. షాపులో ఇచ్చేటట్టయితే మూడు మాటలు గట్టిగా అడగండి: ఫైర్‌వైర్‌తోనే తీస్తారా? ఆకారం మార్చకుండా, పక్కలు కోయకుండా ఇస్తారా? కుదించిన ఫైలుతో పాటు అసలు డీవీ ఫైలు కూడా ఇస్తారా? మూడింటికీ అవునన్నవాళ్లకే క్యాసెట్లు ఇవ్వండి. అసలు ఫైలు మీ దగ్గరుంటే ఎడిటింగ్‌లో ఎవరు ఏ తప్పు చేసినా మళ్లీ మొదటినుంచి సరిచేసుకోవచ్చు. పని అయ్యాక కూడా క్యాసెట్లు పారేయకండి.